చెక్ జాతికి గళమిచ్చిన స్మెటానా

రాజ్యము కోల్పోయిన జాతులు చరిత్రలో పెక్కు కలవు. రాజ్యముతో పాటు రాజసభలను, విద్యాపీఠములను, నాటకశాలలను కోల్పోయి, తన భాష పల్లెలలోను పంటచేలలోను తప్ప వినిపింపని దశకు దిగజారి, ఆ పిమ్మట తిరిగి తలయెత్తిన జాతులు మాత్రము అరుదు. ఐరోపా ఖండపు నడిబొడ్డున నున్న చెక్ జాతి అట్టివానిలో నొకటి. ఆ జాతికి ఓపెరాను, అనగా ఆద్యంతము గానముచే నడచు నాటకమును, స్వభాషలో స్థిరముగా నిలిపి యిచ్చిన మహనీయుడు బెడ్రిఖ్ స్మెటానా. ఆయన పుట్టి రెండు వందల యేండ్లు 2024 మార్చి 2వ తేదీకి నిండినవి. ఉత్సవము ముగిసినది, అయినను ఆయన చరిత్రను మా పాఠకుల యెదుట నుంచుట అవసరమని మేము తలంచుచున్నాము. జాతీయకళ యన నేమి, దానిని నిర్ణయించు అధికారము ఎవరిది అను ప్రశ్నకు ఆయన జీవితము సమాధానము చెప్పుచున్నది. ఆ ప్రశ్న ఏ దేశమునందును నేటికిని చల్లారలేదు.

చెక్కుల దైన్యమునకు మూలము 1620 నవంబరు 8వ తేదీన ప్రాగ్ నగర సమీపమున శ్వేతపర్వతముకడ జరిగిన యుద్ధము. ఆనాడు బొహీమియా ప్రభువులు హాప్స్‌బర్గు చక్రవర్తి సేనల చేతిలో ఓడిరి. మరుసటి యేడు ప్రాగ్ నగరపు నడివీధిలో ఇరువదియేడుగురు నాయకులకు మరణదండన జరిగెను. ఎదురు తిరిగినవారి భూములు పరుల పాలయ్యెను. కాలక్రమమున కచ్చేరీలలో, కళాశాలలలో, పట్టణపు పెద్దయిండ్లలో జర్మను భాష పాదుకొనెను. చెక్ భాష దున్నువాని నోటను, దాది నోటను మిగిలెను. 18వ శతాబ్ది తుదిని, 19వ శతాబ్ది మొదటను పండితులు పూనుకొనిరి. డొబ్రోవ్‌స్కీ వ్యాకరణము వ్రాసెను. యుంగ్మన్ నిఘంటువు కూర్చెను. పలాట్‌స్కీ దేశచరిత్ర రచించెను. భాషకు ఎముకలు కూడినవి, కండ పట్టినది. రంగస్థలమున నిలిచి పాడగల గొంతు మాత్రము ఇంకను రాలేదు.

విచిత్రమేమన, ఆ దేశమునకు సంగీతము కొత్త కాదు. పల్లెబడులలో సైతము పిల్లలకు వాద్యములు నేర్పెడివారు. బొహీమియా గాయకులు, వైణికులు వియన్నాకు, జర్మను సంస్థానములకు, ఇటలీకి పోయి పరుల కొలువులలో పేరు గడించిరి. మొజార్టు రచించిన డాన్ జోవన్ని 1787లో తొలిసారి ప్రదర్శింపబడినది ప్రాగ్ నగరముననే. వినుటకు చెవి కలదు, వాయించుటకు చేయి కలదు. తన మాటలో తన కథను పాడుకొను నాటకము మాత్రము లేదు. ష్క్రౌప్ అను నతడు 1826లో చెక్ భాషలో నొక ఓపెరాను ప్రదర్శించి దారి చూపెను. ఆ దారిలో నిలుకడగ నడచినవారు చాలకాలము లేకపోయిరి.

స్మెటానా లిటొమిష్ల్ అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి బీరు కాచు వృత్తిలో నుండి, ఇంట వయొలిన్ వాయించుకొను రసికుడు. బాలుడు ఆరేండ్ల ప్రాయమున 1830లో సభలో పియానో వాయించి మెప్పు పొందెను. చదువు జర్మను భాషలో సాగెను. ఇంట మాటలాడుటకు చెక్ భాష కలదు గాని, జాబులు, దినచర్య, భావన అన్నియు జర్మనులోనే. 1843లో ప్రాగ్ చేరి ప్రోక్ష్ అను గురువుకడ సంగీతశాస్త్రము నేర్చెను; పొట్టకూటికై తున్ ప్రభువు ఇంట పిల్లలకు పాఠములు చెప్పెను. 1848లో ఐరోపా యంతట ప్రజలు లేచినపుడు ప్రాగ్ వీధులలోను అడ్డుగోడలు లేచెను. ఇరువదినాలుగేండ్ల స్మెటానా వాని వెనుక నిలిచినవారిలో నొకడు. జాతీయ రక్షకభటుల కొరకు నడకపాటను, ఒక స్వాతంత్ర్య గీతమును కూర్చెను. తిరుగుబాటు అణగెను. ఆ యేడే ఆయన సొంత సంగీతపాఠశాల తెరచెను. నిరుపేదయై, కీర్తి శిఖరముననున్న లిస్టునకు లేఖ వ్రాసి తన రచనలను అంకితమీయగా, ఆ మహానుభావుడు స్వీకరించి అచ్చు వేయించుటకు తోడ్పడెను.

తరువాతి యేండ్లు తలచుకొనుటకే బాధ కలుగును. 1854 మొదలు 1856 వరకు మూడేండ్లలో ముగ్గురు కుమార్తెలు కన్ను మూసిరి. వారిలో బెడ్రిష్కా అను బిడ్డ నాలుగేండ్లకే స్వరజ్ఞానము చూపినది. ఆమె జ్ఞాపకముగా తండ్రి 1855లో పియానో, వయొలిన్, సెల్లో మూడు వాద్యములకు కూర్చిన కృతి నేటికిని వినువారి హృదయమును పిండుచున్నది. దేశమున ఆనాటి నిరంకుశ పాలనలో బ్రదుకుతెరువు లేక 1856లో ఆయన స్వీడను దేశమునందలి గోటెబోర్గు పట్టణమునకు పోయెను. అచట పాఠములు చెప్పెను, కచేరీలు నడపెను, లిస్టు త్రోవలో వాద్యకావ్యములు రచించెను. 1859లో క్షయరోగిణియైన భార్యను స్వదేశము చేర్పబోవుచుండగా, డ్రెస్డెన్ నగరమున ఆమె మరణించెను.

పరదేశమున నున్న యీ దినములలోనే ఆయన స్వదేశమునకు మరలెనని చెప్పవలెను. 1860లో నొక మిత్రునకు ఆయన చెక్ భాషలో జాబు వ్రాసెను. చిన్ననాటి నుండి బడిలోను, సంఘములోను జర్మనే తన నోట నాటబడినదనియు, మాతృభాషలో తప్పులు దొరలినచో మన్నింపుమనియు అందు వేడెను. అయినను తాను చెక్కుననుటకు గర్వించుచున్నాననియు తెలిపెను. ముప్పదియారేండ్ల వయస్సున, పేరు పొందిన సంగీతజ్ఞుడు, చిన్నపిల్లవానివలె వ్యాకరణ పుస్తకము ముందిడుకొని కూర్చుండెను. దినచర్యను సైతము క్రమముగా చెక్ భాషకు మార్చెను. ఇదియే మా దృష్టిలో ఆయన మొదటి జాతీయ కృతి. పుట్టుకతో వచ్చిన భాషను నిలుపుకొనుట సహజము. చేజారిన భాషను చెమటోడ్చి తిరిగి సంపాదించుట తపస్సు. అచ్చముగా మాతృభాష పలుకలేని వానిని చూచి నవ్వు దేశభక్తులు పెక్కుమంది యుందురు. వారిలో నొక్కనికైన స్మెటానా వంటి పట్టుదల గలదా యని మేము ప్రశ్నించుచున్నాము.

1860లో చక్రవర్తి పాలనను కొంత సడలింపగా చెక్కులకు ఊపిరి యాడెను. 1862 నవంబరు 18వ తేదీన ప్రాగ్ నగరమున తాత్కాలిక నాటకశాల తెరవబడెను. హారాఖ్ ప్రభువు చెక్ ఓపెరాల కొరకు బహుమాన మేర్పరచెను. స్మెటానా స్వీడను విడిచివచ్చి "బొహీమియాలో బ్రాండెన్‌బర్గు వారు" అను నాటకమునకు స్వరము కూర్చెను. అది 1866 జనవరి 5వ తేదీన ప్రదర్శింపబడి, బహుమానము గెలిచెను. ఆ యేడే ఆయన తాత్కాలిక నాటకశాలకు వాద్యమేళ నాయకుడుగ నియమింపబడెను. ఆ మేళమున వయోలా వాయించిన యువకులలో నొకడు, తరువాత జగద్విఖ్యాతుడైన డ్వొర్జాక్.

1866 మే 30వ తేదీన "అమ్ముడుపోయిన పెండ్లికూతురు" రంగమెక్కెను. కథ చిన్నది. యేనీక్, మార్జెంకా అను పల్లె యువతీయువకులు ప్రేమించుకొందురు. పెండ్లిండ్ల పేరయ్య కెట్సాల్ ఆమెను మీఖా కుమారుడగు నత్తివాని కంటగట్ట జూచును. యేనీక్ మూడు వందల గుల్డెనులు పుచ్చుకొని తన హక్కు వదలుకొందునని ఒప్పందము వ్రాసియిచ్చును. అందు ఆమెను మీఖా కుమారుడే చేసికొనవలెనను నిబంధన చేర్చును. ఊరందరు ఛీకొట్టుదురు. తుదకు యేనీక్‌ కూడ మీఖా కుమారుడే, ఆయన మొదటి భార్య కొడుకే, యని తేలగా పేరయ్య తలదించుకొనును. ఇందు రాజులు లేరు, దేవతలు లేరు. సారాయి కొట్టు ముంగిట రైతులు, సంతలో గారడివాండ్రు, ఇంట పెద్దల గొడవలు కలవు. అంతకుముందు రంగస్థలమున నవ్వులపాలగుటకే పనికివచ్చిన పల్లెటూరివాడు ఇందు నాయకుడయ్యెను.

తొలినాటి ప్రదర్శనకు జనము పలుచన. యుద్ధము వచ్చునను భయము నగరమున వ్యాపించియుండెను. స్మెటానా నిరుత్సాహపడక నాలుగేండ్లు దానిని దిద్దెను. నాట్యములు చేర్చెను, మాటలను పాటగా మార్చెను. 1870లో పూర్తియైన రూపము జనులను వశపరచుకొనెను. 1882లో నూరవ ప్రదర్శనము జరిగెను.

ఈ నాటకము, దీని ముందరి నాటకము, రెండింటికిని పాఠము వ్రాసిన కారెల్ సబీనా చరిత్ర వేరొక రీతిది. 1848 నాటి విప్లవకారుడై, మరణదండన తప్పించుకొని చెరసాలలో మ్రగ్గినవాడు, విడుదలయైన పిమ్మట ప్రభుత్వపు గూఢచారులకు వార్తలందించెనని 1872లో బయటపడెను. దేశము వానిని త్రోసివేసెను. పాటను మాత్రము త్రోసివేయలేదు. ఒక ద్రోహి వ్రాసిన మాటలను ఒక భక్తుడు స్వరపరచగా అది జాతి సొత్తయ్యెను. కృతిని కర్త పుట్టుపూర్వోత్తరములతో తూచువారు ఈ సంగతి గమనింపవలెను.

ఇక అసలు వివాదమునకు వత్తము. ఆనాటి చెక్కుల రాజకీయనాయకులలో అగ్రగణ్యుడు రీగర్. జాతీయ ఓపెరా యనగా జానపదగీతములపై కట్టబడవలెనని యాయన మతము. స్మెటానా ఒప్పుకొనలేదు. జనుల పాటలనేరి ఒకచోట గ్రుచ్చినచో అది కలగూరగంప యగును గాని కళాకృతి కాజాలదని వాదించెను. "అమ్ముడుపోయిన పెండ్లికూతురు"లో పోల్కా కలదు, ఫురియాంట్ కలదు, పల్లె నాట్యముల తాళమంతయు కలదు. కాని ఎరువు తెచ్చుకొన్న వరుసలు బహు స్వల్పము. జనుల గుండె కొట్టుకొను లయను పట్టుకొని ఆయన సొంతముగా సృష్టించెను. సృష్టించిన పిమ్మట జనులు దానిని తమదే యని పాడుకొనిరి. తెనుగు పాఠకులకు ఈ రహస్యము తెలియనిది కాదు. త్యాగరాజస్వామి కృతులు ఏ పల్లెపాటలను ఏరి కూర్చినవి కావు. అయినను వాని తెనుగు తమిళదేశమున కావేరీ తీరమున పుట్టి దక్షిణాపథమంతట పాడబడుచున్నది.

1868 మే 16వ తేదీన జాతీయ నాటకశాలకు శంకుస్థాపన జరిగినది. ఆనాటి రాత్రియే స్మెటానా "దలిబోర్" ప్రదర్శింపబడెను. ప్రాగ్ కోట బురుజున బంధింపబడిన వీరుని కథ యిది. దీనిలోని వాద్యగాంభీర్యమును విని, కొందరు పెద్దమనుష్యులు స్మెటానా వాగ్నరునకు శిష్యుడయ్యెననియు, చెక్ సంగీతమును జర్మనుల పాలు చేయుచున్నాడనియు కేక లిడిరి. పివొడా అను గానోపాధ్యాయుడు పత్రికలలో ధ్వజమెత్తెను. 1872లో ఎనుబదియారుగురు నాటకశాల చందాదారులు ఆయనను తొలగింపవలెనని మహజరు పెట్టిరి. డ్వొర్జాక్ మున్నగు సంగీతజ్ఞులు ఆయన పక్షమున నిలువగా పదవి నిలిచెను. జాతికి స్వరమిచ్చుటకై సర్వస్వము ధారపోసిన వానిని జాతిద్రోహి యనుటకు వెనుదీయనివారు, తాము స్వయముగ జాతి కొక్క పాటనైన ఈయలేకపోయిరి! వాగ్నరునుండియు, లిస్టునుండియు ఆయన నేర్చిన మాట నిజము. నేర్చుట దాస్యము కాదు. పరదేశపు ఉలితో చెక్కినంత మాత్రమున స్వదేశపు రాయి పరాయిది యగునా?

1874 వేసవి తుదిని ఆయన చెవులలో హోరు పుట్టెను. అక్టోబరు 20వ తేదీ నాటికి రెండు చెవులును పూర్తిగా మూసికొనిపోయెను. వయస్సు యేబది. పదవి వదలక తప్పలేదు. తన ఓపెరాలను ప్రదర్శించుకొను హక్కునకు బదులుగా నాటకశాలవారు ఏటికి 1,200 గుల్డెనుల భృతి యిచ్చుటకు ఒప్పుకొనిరి. అదియు సకాలమున ముట్టలేదు. 1876లో ఆయన నగరము విడిచి, అడవి యుద్యోగిని పెండ్లాడిన కుమార్తె యింటికి, యాబ్కెనిట్సె పల్లెకు చేరెను.

చెవిటివాడు ఏమి చేసెనో వినుడు. వినికిడి పోయిన నెల తిరుగకమునుపే "విషెహ్రాద్" అను వాద్యకావ్యమును పూర్తిచేసెను. రెండు దినములు గడచిన పిమ్మట "వల్టవా" ఆరంభించి, డిసెంబరు 8వ తేదీకి, అనగా పందొమ్మిది దినములలో, ముగించెను. 1879 నాటికి ఇట్టివి ఆరు కూడి "నా మాతృదేశము" అను మాలయయ్యెను. మొదటిది ప్రాచీన రాజుల కోట. రెండవది రెండు సెలయేళ్లుగా పుట్టి, కలిసి, వేటగాండ్ర కొమ్ముబూరలను, పెండ్లివారి నాట్యమును, వెన్నెలను, రాళ్లపై పడు జలపాతమును దాటి ప్రాగ్ చేరు నది. తక్కినవి వీరవనిత షార్కా కథ, పొలములు అడవులు, హుస్సు అనుయాయుల తాబోర్ దుర్గము, దేశమునకు ఆపద వచ్చిననాడు మేల్కొను వీరులు నిద్రించు బ్లానీక్ కొండ. వల్టవా నది వరుసకు చాయలైన రాగములు పలుదేశముల పాటలలో కలవని సంగీతజ్ఞులు చెప్పుదురు. ఉండనిండు! నీరు ఏ కొండపై పుట్టినను, ఏ నేలను తడిపినదో ఆ నేలదే పంట.

అదే 1876లో "నా జీవితము నుండి" అను పేర నాలుగు తంత్రీవాద్యములకు నొక కృతి రచించెను. తుది భాగమున ఆనందనాట్యము హఠాత్తుగా ఆగి, మొదటి వయొలిన్ తారస్థాయిలో నొక్క స్వరమును సన్నని యీటెవలె సాగదీయును. తన చెవిలో మొదట మ్రోగిన ఆ మృత్యుధ్వనిని ఆయన అందు పొందుపరచెను. దుఃఖమును దాచలేదు, దానిని చూపి యాచింపను లేదు.

ఈ మధ్య జాతి తన నాటకశాలను కట్టుకొనుచుండెను. పునాదిరాళ్లు ర్జీప్, బ్లానీక్, రాధోష్ట్ మున్నగు పుణ్యగిరుల నుండి బండ్లపై వచ్చినవి. ధనము బీదసాదల చేతుల నుండి చిల్లరగ వచ్చినది. 1881 జూన్ 11వ తేదీన స్మెటానా "లిబుషె"తో ఆ శాల తెరవబడెను. ప్రాగ్ నగరమును గూర్చియు, చెక్ జాతి నశింపదనియు భవిష్యవాణి పలుకు రాణికథ యది. 1872లోనే ముగించి, సామాన్య ప్రదర్శనములకీయక, ఈ పండుగ కొరకై ఆయన తొమ్మిదేండ్లు దాచియుంచెను. దానిని ప్రజలందరు వినిరి. రచించినవాడు వినలేకపోయెను. రెండు నెలలు గడచి ఆగష్టు 12వ తేదీన ఆ భవనమున నిప్పంటుకొనెను. జాతి యేడ్చుచు కూర్చుండలేదు. నలుబదియేడు దినములలో పది లక్షల గుల్డెనులు పోగుచేసెను. 1883 నవంబరు 18వ తేదీన తిరిగి "లిబుషె"తోనే శాల తెరవబడెను. "జాతి తనకు తాను" అను మాటలు రంగస్థలముపై నేటికిని వ్రాయబడియున్నవి.

అంతటి జాతియు తన స్వరకర్తను సుఖపెట్టలేకపోయెను. బుద్ధి చెదరి, 1884 ఏప్రిల్‌లో ప్రాగ్ నగరపు పిచ్చాసుపత్రికి కొనిపోబడి, మే 12వ తేదీన స్మెటానా మరణించెను. శవయాత్ర జాతీయ నాటకశాల మీదుగ విషెహ్రాద్ శ్మశానమునకు సాగెను. ఆ రాత్రి రంగమునకు నల్లని గుడ్డలు కట్టి "అమ్ముడుపోయిన పెండ్లికూతురు"ను ఆడిరి. 1886లో "దలిబోర్"ను తిరిగి రంగమెక్కింపగా, వెనుక తిరస్కరించిన జనమే తలవంచినది. 1892లో వియన్నా నగరమున "పెండ్లికూతురు" జయించి అచటినుండి లోకమంతట సంచరించెను.

1918 అక్టోబరు 28వ తేదీన చెకోస్లొవాకియా స్వతంత్రమయ్యెను. 1939 మార్చిలో నాజీలు దేశము నాక్రమించిరి. ఆ జూన్ నెలలో జాతీయ నాటకశాలలో తాలిఖ్ నాయకత్వమున "నా మాతృదేశము" వాయింపగా సభ యావత్తు లేచి జాతీయగీతమును పాడెను. 1948లో దేశము విడిచిన కుబెలీక్, నలుబదిరెండేండ్లకు తిరిగివచ్చి, 1990 మే 12వ తేదీన, స్మెటానా వర్ధంతినాడు, దానినే వాయింపించెను. ఉపన్యాసములు చెప్పలేని మాటను ఆ చెవిటివాని వాద్యములు చెప్పినవి.

జాతీయకళకు కావలివాండ్రమని చెప్పుకొనువారు ప్రతి దేశమునను కలరు. వారు ఇది మనది, అది పరాయిది యని గీతలు గీయుదురు. కొత్తదానిని చూచి ఉలికిపడుదురు. స్మెటానాను నిందించిన ఎనుబదియారుగురిలో ఎవరి పేరు నేడు ప్రజల నాలుకపై నున్నది? పరభాషలో పెరిగి స్వభాషకు వచ్చినవాడు, పరదేశమున విద్య నేర్చి స్వదేశమున ధారపోసినవాడు, పాతపాటలను పోగుచేయక కొత్తపాట పాడినవాడు, వాడే జాతికి గళమయ్యెను. కాల్చబడిన నాటకశాలను జాతి నలుబదియేడు దినములలో సొమ్ము కూర్చి లేపగలదు. కుంగిపోయిన కళాకారుని, వాని మరణానంతరము, ఎన్ని లక్షలు పోసినను లేపలేదు. చందాలు పోగుచేయునపుడును, విగ్రహములు నిలుపునపుడును, బ్రదికియున్న వాని యింట దీపము వెలుగుచున్నదో లేదో ముందుగ విచారింపవలెనని మేము పాఠకులను కోరుచున్నాము.